అందరూ వెనక్కి తిరిగారు

హారతికి పొగరు అని స్కూలు తేల్చేసింది. పిలిస్తే పలకదు. బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. ప్రార్థనకు రమ్మంటే అందరూ నిలబడ్డాక, పక్కవాళ్లను చూసి, అప్పుడొచ్చి వరసలో చేరుతుంది. ఎందుకమ్మా ఇలా అని అడిగితే మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లకు అంత చూపెందుకని టీచర్లందరికీ ఒళ్లు మంట.

ఇందుజ టీచరు హారతి తల్లి పోశమ్మను పిలిపించింది. ఇందుజ భర్త సూరత్‌లో, ఉధ్నా రైల్వే స్టేషన్లో పనిచేస్తాడు. వాళ్లది విజయవాడ. స్కూల్లో తెలుగు తెలిసిన టీచర్లు ఇద్దరే, ఆమె ఒకతె, ఆటల సారు జయదేవ్ ఒకడు. కాబట్టి డిండోలి, భేస్తాన్‌ల నుంచి వచ్చే తెలంగాణ మగ్గాలవాళ్ల పిల్లల తంటాలన్నీ ఆ ఇద్దరి నెత్తిమీదే.

"చూడండి పోశమ్మగారూ, ఈసారి వర్షాల్లో పిల్లల్ని అడవి క్యాంపుకి తీసుకెళ్తున్నాం. అక్కడ కూడా హారతి ఇలాగే ఉంటే టీసీ ఇచ్చి పంపేస్తామంటున్నారు జయదేవ్ సార్. స్కూలు ట్రస్టువాళ్లు కూడా ఊ అన్నారు. నేను ఆపలేను."

"ఏంది మేడం?" అంది పోశమ్మ.

ఇందుజ మళ్లీ చెప్పింది. పోశమ్మ మళ్లీ "ఏందీ?" అంది. మూడోసారికి గానీ మాట అందలేదు.

ఈ ఆఫీసర్ల ఇళ్లవాళ్లతో ఇదే గోల అనుకుంది పోశమ్మ. పెదవులు కదపరు, మాటను నోట్లోనే నములుతారు. గట్టిగా మాట్లాడితే పెద్దరికం పోతుందనేమో.

"గట్లెట్ల మేడం? ఇంట్ల ఒక్కపాలి జెప్తే జేస్తది నా బిడ్డ. మారుమాట ఉండదు."

"ఇంట్లో బాగానే ఉంటే ఇక్కడెందుకు పలకదు? అంటే మేమంటే లెక్కలేదనేగా?"

క్యాంపులో అమ్మాయిలకు తోడుగా ఒక ఆడమనిషి కావాలని స్కూలు అడిగితే ముందుకొచ్చింది ఆమె ఒక్కతే. పనికి నాగా పెట్టింది. భర్త సోమలింగం గొణిగినా ఆగలేదు. బిడ్డను పక్కనుండి కాచుకోవాలి. పిలుపుకు పలికించాలి. స్కూల్లో సీటు పోకూడదు. సీటు పోతే హారతి కూడా తనలాగే ఖాతాలో బాబిన్లు చుట్టడానికి వస్తుంది. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. లోపల వరసలు వరసలుగా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, తలుపు దాకా దూది దుమ్ము, పగలూ రాత్రీ ఒకటే మోత. పోశమ్మ పెళ్లయి సిరిసిల్ల నుంచి వచ్చినప్పటినుంచీ ఆ మోతలోనే ఉంది.

ఆ మోతలో మాట్లాడటానికి ఒక పద్ధతుంది. ఎదురుగా వచ్చి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా పెదవుల మీద పెట్టి చూపించాలి. అవతలివాడు పెదవులు చూసి అందుకుంటాడు. గొంతు ఎంత చించుకున్నా లాభం లేదు, సాంచా ముందు గొంతెంత? అవతలివాడు వీపు తిప్పుకుని ఉంటే వృథాగా అరవరు. తెగిన పోగుల్ని ఉండచుట్టి వీపుకేసి కొడతారు. అతను తిరుగుతాడు, అప్పుడు మాట. ఖాతా నుంచి ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోదు. పోశమ్మ ఇంట్లో అన్నం తినమని ఎవరూ కేక వెయ్యరు, భుజం తడతారు. పొయ్యి దగ్గర చేతులు ఖాళీ లేకపోతే ఉల్లిపొట్టు విసురుతారు. ఆ లైనులో ఇళ్లన్నీ అంతే. అందుకే హారతి ఇంట్లో మహా బుద్ధిమంతురాలు.

*

మాండవి దాటాక బస్సు టేకు చెట్ల మధ్యకు దూరింది. వాన బస్సుతోపాటే వచ్చింది. క్యాంపులో రేకుల షెడ్లు రెండు, వాటి ముందు టార్పాలిన్ గుడారాలు, గుడారాల్లో నీళ్లు. పిల్లలందర్నీ షెడ్లలోకి సర్దారు.

తెల్లారేసరికి ఇందుజ కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఆ రేకుల మీద వాన చప్పుడుకి కన్ను మూతపడితే ఒట్టు. మీరెలా పడుకున్నారమ్మా?"

"మస్తు వన్నం మేడం. మా ఖాతా లెక్కనే ఉండె. చప్పుడు లేకుంటేనే మాకు నిద్ర రాదు" అంది పోశమ్మ. పక్కనే ఉన్న మగ్గాలవాళ్ల పిల్లలు ఆమె నోటివైపు చూసి నవ్వారు. రైల్వే కాలనీ పిల్లలు ఆవలించారు.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. జయదేవ్ సారు పిల్లల్ని వాగు దగ్గరికి నడిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే చెప్పినదానికి ఎదురు ఉండకూడదు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది. రకానికొక ఆకు ఏరి తేవాలన్నాడు. "మూడుసార్లు విజిల్ వేస్తే చేతిలో ఏదుంటే అది పడేసి రావాలి. ఆలస్యం చేసినవాళ్లు నాకు కనబడకూడదు" అంటూ హారతి వైపే చూశాడు. హారతి తలూపింది. ఆయన పెదవుల మీంచి చూపు తియ్యలేదు.

"సూడు, సారు జెప్పింది జెయ్యి. ఇజిల్ కొట్టంగనే ఉరుకొచ్చెయ్యాలె" అంది పోశమ్మ బిడ్డ భుజం పట్టుకుని.

"ఠీక్ హై అమ్మా, ఎన్నిపాల్లు జెప్తవే! నేనేం ఛోటీ బచ్చీనా?"

వాగు చీలమండ లోతు పారుతోంది. రాళ్ల మీద అడుగులేసుకుంటూ పిల్లలు దాటారు, వచ్చారు, మళ్లీ దాటారు. హారతి అవతలి ఒడ్డుకు దగ్గరగా ఒక బండ మీద గొంతుక్కూర్చుని, వీపు ఇటు పెట్టి, ఏరిన ఆకుల్ని ఒక్కొక్కటే కడుగుతోంది. పోశమ్మ ఇవతల చెట్టు మొదట్లో కూర్చుని ఆమెనే చూస్తోంది. పసుపురంగు రెయిన్‌కోటు టోపీ వెనక్కి జారింది, జడ తడిసి వీపుకు అతుక్కుంది. పిల్ల ఎంత ఎదిగింది అనుకుంది.

క్యాంపు కావలి మనిషి చెట్లలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ అడవిలో పుట్టి పెరిగినవాడు. "ఉపర్ బహు వర్సాద్ ఛే! పాణీ వధ్శే!" అంటూ జయదేవ్ చెయ్యి పట్టుకుని లాగాడు. పైన పెద్దవాన పడుతోంది, నీళ్లు పెరుగుతాయి.

ఇదంతా పోశమ్మ చూడలేదు. ఆమె కళ్లు బిడ్డ మీద ఉన్నాయి. ఆమె చూసింది ఇదీ: నీళ్లలో ఉన్నవాళ్లు, బండల మీద ఉన్నవాళ్లు, అవతల పొదల్లో దూరినవాళ్లు, ఎవరో తాడు లాగినట్టు పిల్లల తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. కోతినో జింకనో చూసినట్టున్నారని ఆమె కూడా వెనక్కి తిరిగింది. జింక లేదు. జయదేవ్ సారు నిలబడి ఉన్నాడు. విజిల్ నోట్లో ఉంది. బుగ్గలు ఉబ్బి, మొహం ఎర్రబడి ఉంది.

ఆమె చూస్తుండగానే ఆ బుగ్గలు ఇంకోసారి ఉబ్బాయి. మెడ నరాలు తేలాయి.

పోశమ్మకు వాగు హోరు తప్ప ఏమీ చేరలేదు.

ఇందుజ చెవులు మూసుకుంది, అంత దగ్గరగా ఊదాడు. మూడోసారి ఊదాడు. పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు. పోశమ్మ మెల్లగా, కావాలని మెల్లగా, వాగు వైపు తల తిప్పింది. ఏం కనబడబోతోందో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. బండ మీద హారతి ఆకులు కడుగుతూనే ఉంది.

నీళ్లు రంగు మారాయి. పుల్లలు, నురుగు, ఆకుచెత్త కొట్టుకొచ్చి బండల్ని ఢీకొన్నాయి. జయదేవ్ నోరు తెరిచి అరుస్తున్నాడు, ఇందుజ అరుస్తోంది. పోశమ్మ అరవలేదు. వీపు తిప్పుకున్న మనిషిని అరిచి పిలవడం ఆమె ఎరగదు. వంగి దోసెడు గులకరాళ్లు ఎత్తుకుంది. నీళ్లలోకి దిగి మొదటి రాయి విసిరింది, అందలేదు. రెండోది పక్కన పడింది. మూడోది బలంగా విసిరింది, అది హారతి చెవి వెనక తగిలింది.

"అయ్యో! పిల్లని రాళ్లతో కొడతావేంటి! పిచ్చెక్కిందా నీకు!" ఇందుజ ఆమె రెక్క పట్టి వెనక్కి గుంజింది.

హారతి తిరిగింది. చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. తల్లి నోరు చూసింది. *నీళ్లు. రా.* అంతే, ఆకులు వదిలేసి లేచింది. అప్పటికి ఆమె అడుగేసి దాటాల్సిన బండలు మునిగాయి. నడుము లోతులో కావలి మనిషి ఆమె చెయ్యి దొరకబుచ్చుకున్నాడు, పోశమ్మ రెయిన్‌కోటు పట్టుకుంది. ముగ్గురూ ఒడ్డున పడేసరికి హారతి కూర్చున్న బండ కనబడకుండా పోయింది.

*

షెడ్డులో ఇందుజ హారతి చెవి వెనక గాయానికి దూది పెట్టి అదుముతోంది. జయదేవ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఇంక చెప్పేదేముందండీ? మూడుసార్లు ఊదాను. అంత దూరం నుంచి పిల్లలంతా వచ్చారు. ఈ మహాతల్లి తల కూడా తిప్పలేదు. ప్రాణం మీదికొచ్చినా సరే, నేను చెప్పింది చెయ్యకూడదు. నావల్ల కాదు మేడం. సూరత్ వెళ్లగానే టీసీ."

హారతి ఆయన మొహంలోకి గుచ్చి చూసింది. "సారీ సార్. నేను జాన్‌బూఝ్‌కే, కావాల్ననే రాలే. మీరు ఊదంగనే ఇన్న. ఇంకొన్ని ఆకులు కడుగుదామని ఉన్న."

"విన్నారా? తనే ఒప్పుకుంటోంది!"

పోశమ్మ బిడ్డను రెక్క పట్టుకుని షెడ్డు వెనక వసారాలోకి తీసుకెళ్లింది. గోడవైపు తిప్పి నిలబెట్టింది. "హారతీ" అంది. కొంచెం గట్టిగా అంది. ఇంకా గట్టిగా అంది. హారతి గోడ మీద నాచు చూస్తూ నిలబడింది. పోశమ్మ భుజం తట్టింది. పిల్ల తిరిగింది. తల్లి కళ్లు చూసి తల దించుకుంది.

పోశమ్మ గడ్డం పట్టి మొహం పైకెత్తింది. "ఎప్పటిసంది?"

"ఏంది ఎప్పటిసంది?"

"నాతోని దొంగాటలాడకు బిడ్డా. ఎప్పటిసంది?"

"...ఆరో క్లాసు. అంతకుముందు గూడ కొంచెం. మొహం జూస్తే అంతా తెలుస్తది అమ్మా. బోర్డు దిక్కు తిరిగి చెప్పినప్పుడే ఏం రాదు."

"మరి ఇనవడలేదని జెప్పక, ఇన్న అని ఎందుకన్నవే సారుతోని?"

హారతి చెంపలు తుడుచుకుంది. తర్వాత, అంతకుముందే ఎన్నోసార్లు ఆలోచించి పెట్టుకున్నట్టుగా చెప్పింది. "పొగరంటే టీసీ ఇస్తరు. ఇంకో స్కూల్ల చేరొచ్చు. బహరీ, చెవిటిది అంటే ఏ స్కూలు తీసుకుంటది? ఎవ్వలతో చెప్పకు. మా అమ్మవు గాదూ, నీకు దండం వెడ్త."

పోశమ్మ బిడ్డ గడ్డం వదిలేసింది.

"నీకు గూడ ఇనవడది. బాపుకైతే అస్సలే ఇనవడది. నీకు తెల్వదా?" అంది హారతి. ఆ పిల్ల కళ్లలో జాలి ఉంది. తల్లికి ఇన్నాళ్లూ చెప్పకుండా కాపాడిన జాలి.

పోశమ్మ గోడకానుకుని కూలబడింది. హారతి పుట్టిన కొన్ని నెలలకే ఆమె మళ్లీ పనిలో చేరింది. పిల్లను ఎక్కడ పెట్టాలి? సాంచాల మధ్య స్తంభాలకు పాత చీర కట్టి ఉయ్యాల వేసింది. ఎంత మోతలోనైనా పిల్ల హాయిగా పడుకునేది. ఎంత బంగారంలాంటి బిడ్డరా, ఏడుపే లేదు అని పని చేయించే ముకద్దం మెచ్చుకునేవాడు. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే లేచి ఏడ్చేది. అది చూసి పోశమ్మ ఎంత మురిసిపోయిందో! పక్క స్తంభానికి ఇంకొకామె ఉయ్యాల, ఆ పక్కన ఇంకొకటి. ఆ ఉయ్యాలల్లో పెరిగినవాళ్లే ఇప్పుడు ఈ షెడ్డులో తడిబట్టలు పిండుకుంటున్నారు.

ఎవడూ చెప్పలేదు. బట్ట మీద చిన్న మచ్చ పడితే వంద మాటలు చెప్పిన ఖాతా యజమాని శేఠ్ ఇది చెప్పలేదు. చెవుల్లో పెట్టుకోవడానికి రెండు దూది ఉండలు ఇవ్వలేదు. ఖాతా నిండా దూదే!

ఆమె లేచింది. "నడు."

"అమ్మా, వద్దే!"

"ఇన్నొద్దులు ఊకున్నందుకే గిట్లైంది. నడు."

*

"దానికి ఇనవడది సార్" అంది పోశమ్మ అందరి ముందూ నిలబడి. "నాకు గూడ ఇనవడది. మీరు ఇజిల్ కొట్టింది మీ బుగ్గలు జూసి తెలుసుకున్న."

జయదేవ్ నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు. "ఇంట్లో ఒక్కసారి చెబితే చేస్తుందని మీరే అన్నారట కదా? ఇప్పుడు సీటు పోతుందనేసరికి కొత్త కథా? ఆ పిల్లే విన్నానంటోంది!"

"గందుకే అంటున్న. పిల్లల్ని బయట నిలవెట్టుండ్రి. అటు మొహం వెట్టి. ఇది ఒక్కతే గాదు, అందర్ని. మీరు ఈడికెళ్లి ఇజిల్ కొట్టుండ్రి. ఇనవడ్డోళ్లు చెయ్యి లేపాలె."

"ఇదేమన్నా తమాషానా?"

ఇందుజ దూది పక్కన పెట్టింది. హారతిని చూసింది. ఎందుకో పోశమ్మ నోటిని చూసింది, మాట్లాడేటప్పుడు అది ఎంత పెద్దగా తెరుచుకుంటుందో ఇవాళే చూస్తున్నట్టు. "చేద్దాం సార్. పోయేదేముంది?" అని విజిల్ అడిగి తీసుకుంది.

సన్నటి తుంపరలో పిల్లలు అడవివైపు మొహం పెట్టి వరసగా నిలబడ్డారు. రైల్వే పిల్లలూ, బ్యాంకువాళ్ల పిల్లలూ, మగ్గాలవాళ్ల పిల్లలూ కలిసిపోయి ఉన్నారు. హారతి పక్కన స్టేషన్ మాస్టరుగారి అమ్మాయి సంధ్య నిలబడింది. ఏం చెయ్యాలో అందరికీ ఎదురుగా నిలబడి చెప్పి, పోశమ్మ వాళ్ల ముందే ఓ పక్కకు జరిగింది. ఇందుజ షెడ్డు మెట్ల దగ్గర్నుంచి ఊదింది.

చేతులు లేచాయి. అన్నీ లేచాయి.

"చూశారా? ఇక చాలా?" అన్నాడు జయదేవ్.

మెట్ల దగ్గరున్నవాళ్లకు కనబడింది వీపులూ చేతులే. ఎదురుగా ఉన్న పోశమ్మకు కళ్లు కనబడ్డాయి. కొన్ని చేతులు లేచాక, పక్కకు ఒక ఓరచూపు తిరిగి, ఆ తర్వాత లేచిన చేతులు ఆమెకు కనబడ్డాయి. ప్రార్థన వరసలో హారతి చివర్న వచ్చి చేరేది ఇలాగే. పిల్లలు ఇన్నేళ్లుగా ఇలాగే బతుకుతున్నారు, పక్కవాడి చెయ్యి చూసి.

ఆమె వరస ముందుకు వచ్చింది. నోరు పెద్దగా తెరిచి, రెండు అరచేతులూ తన కళ్ల మీద పెట్టి చూపించింది. "కండ్లు మూసుకోండ్రి. గట్టిగ. పక్కకు జూసేది లేదు." అందరూ మూసుకున్నారు. ఇందుజకు చెయ్యి ఊపింది.

ఇందుజ ఛాతీ నిండా గాలి పీల్చుకోవడం పోశమ్మ చూసింది.

సంధ్య చెయ్యి లేచింది. దాని మోచెయ్యి హారతి భుజానికి రాసుకుంది. హారతి ఉలిక్కిపడింది. ఊదారని పిల్లకు తెలిసిపోయింది. చెయ్యి నడుము దాకా లేచింది. ఆ ఒక్క చెయ్యి పూర్తిగా లేస్తే తల్లి అబద్ధాలకోరు, బిడ్డ పొగరుబోతు. అంతటితో సరి.

హారతి చెయ్యి అక్కడే కాసేపు ఆగి, మెల్లగా కిందికి దిగింది. పిడికిలి బిగుసుకుంది.

వరసంతా చూసింది పోశమ్మ. లేచిన చేతులున్నాయి. మధ్యమధ్యలో ఖాళీలున్నాయి. భేస్తాన్ పిల్లాడు, చేతులు జేబుల్లో. డిండోలి అక్కాచెల్లెళ్లు, ఇద్దరివీ కిందే. వాళ్ల ఇంటి వెనక లైనులో ఉండే పిల్లాడు, పెదవులు కొరుక్కుంటూ, ఇంకా ఊదలేదేమిటా అని ఎదురుచూస్తున్నాడు. ఆ ఖాళీలన్నీ ఏ ఇళ్లవో ఆమెకు తెలుసు. ఏ స్తంభానికి ఏ ఉయ్యాల కట్టారో కూడా తెలుసు.

జయదేవ్ మెట్లు దిగి వచ్చాడు. వరస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు. తిరిగి మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు వీళ్లందరికీ టీసీ ఇద్దామా సార్?" అంది ఇందుజ.

ఆ మాటలు పోశమ్మకు చేరలేదు గానీ పెదవులు చూసి టీసీ అన్నది అందుకుంది. "ఇస్తే ఇయ్యుండ్రి. అందరికి ఇయ్యుండ్రి. ఆ కాయిదాలు వట్టుకొని గీ పిల్లల్ని దోల్కపోయి ఖాతాల ముంగట కూసుంటం. శేఠ్‌లే జదువుకుంటరు."

"ఎవరికీ ఇవ్వం. హారతికీ ఇవ్వం" అన్నాడు జయదేవ్.

పోశమ్మ "ఏందీ?" అంది.

ఆయన ఆమెకు ఎదురుగా వచ్చాడు. అలవాటు లేని నోరు, ఎలా తెరవాలో తెలియలేదు. అయినా తెరిచాడు. "ఇవ్వం" అన్నాడు. పోశమ్మ ఆ మాట చూసి తలూపింది.

"చాలు పిల్లలూ, కళ్లు తెరవండి" అంది ఇందుజ వెనక నుంచి.

సంధ్య కళ్లు తెరిచింది. రైల్వే పిల్లలూ, బ్యాంకువాళ్ల పిల్లలూ కళ్లు తెరిచి, చేతులు దించి, తడిసిన జుట్టు దులుపుకుంటూ షెడ్డులోకి పరుగెత్తారు. తుంపర కాస్తా మళ్లీ వానైంది. మిగిలినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే నిలబడి ఉన్నారు. కళ్లు గట్టిగా మూసుకుని, చెప్పినమాట జవదాటని పిల్లల్లా, వాన మొహం మీద పడుతున్నా రెప్ప కదల్చకుండా.

ఇందుజ ఇంకోసారి పిలవబోయి ఆగిపోయింది. విజిల్ ఆమె చేతిలోనే ఉంది.

పోశమ్మ వరస మొదటికి నడిచింది. ఒక్కొక్కరి ముందూ నిలబడి, ఒక్కొక్కరి భుజమే తడుతూ వచ్చింది.